ఎన్‌కౌంటర్ల నేలపై మూడో అధికరణం

1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం దేశాల లోపల జరిగే సాయుధ ఘర్షణల కోసం రాసింది. పోరులో పాల్గొననివారిని, ఆయుధాలు వదిలినవారిని, గాయపడినవారిని, పట్టుబడినవారిని చంపకూడదు, చిత్రహింసలు పెట్టకూడదు, బందీలుగా పట్టుకోకూడదు, సక్రమమైన న్యాయస్థానం విచారించకుండా శిక్షించకూడదు. భారతదేశం 1950లో ఈ ఒప్పందాలను ఆమోదించింది. 1960లో వాటికోసం చట్టమూ చేసింది. కానీ మావోయిస్టులతో సాగిన పోరును ప్రభుత్వాలు శాంతిభద్రతల సమస్యగానే చూశాయి. సాయుధ ఘర్షణ అని ఒప్పుకుంటే ఎదుటిపక్షానికి గుర్తింపు ఇచ్చినట్టవుతుందని వాటి భయం. ఈ నిబంధనల వల్ల ఏ పక్షానికీ చట్టపరమైన హోదా మారదని ఆ అధికరణమే చివర్లో చెబుతోంది కనుక ఈ భయానికి ఆధారం లేదు.

మానవ హక్కుల ఒడంబడికలు ప్రధానంగా రాజ్యాన్ని నిలదీస్తాయి. మూడో అధికరణం ఘర్షణలోని ప్రతి పక్షాన్నీ కట్టడి చేస్తుంది. తెలుగు పల్లెల్లో ఈ తేడా ప్రాణాలకు సంబంధించిన విషయం. మావోయిస్టులు ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి, ప్రజాకోర్టు పేరిట గ్రామస్తుడిని చంపడం ఈ అధికరణం సూటిగా నిషేధించిన పనే. హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదికను నిర్మించడానికి దారితీసిన చర్చలో విప్లవకారుల హింసను హక్కుల సంఘాలు ఎలా చూడాలన్నది కీలకమైన ప్రశ్న. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక కూడా రెండు పక్షాలనూ ప్రశ్నించింది. జెనీవా ఒప్పందాల వంటి మానవతా చట్టం పేరెత్తినా, ఎత్తకపోయినా వాళ్లు పట్టుబట్టింది దాని సారాంశం కోసమే అని నా అభిప్రాయం.

అయితే మూడో అధికరణాన్ని ఇక్కడ వర్తింపజేయడంలో ఒక చిక్కుంది. యుద్ధ నియమాల కింద, పోరాడుతున్న సాయుధుణ్ణి కాల్చడం దానంతటదే నేరం కాదు. దేశీయ చట్టంలో అలా కాదు. పోలీసు తూటాకు మనిషి పోతే అది నరహత్యే. ఆత్మరక్షణ అన్న వాదనకు రుజువు కావాలి. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ మాటే చెప్పి, ఎన్‌కౌంటర్ మరణాలపై ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలంది. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు నిలిపేసింది. అయినా సాయుధ ఘర్షణ అన్న ముద్ర పడగానే జీవించే హక్కును కాపాడే రాజ్యాంగం 21వ అధికరణం పక్కకు పోతుందంటే నేను ఒప్పుకోను. అణ్వాయుధాలపై 1996లో ఇచ్చిన సలహా అభిప్రాయంలో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా యుద్ధకాలంలో పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక రక్షణ ఆగిపోదనే చెప్పింది.

పట్టుబడినవాణ్ణి చంపితే అది హత్యేనన్న విషయంలో యుద్ధ నియమాలదీ, దేశీయ చట్టానిదీ ఒకే మాట. అందుకే ప్రతి కేసులోనూ ముందు తేల్చాల్సింది, తూటా తగిలేసరికి ఆ మనిషి పోరాడుతున్నాడా, పోలీసుల చేతిలో ఉన్నాడా అన్నదే. ఎన్‌కౌంటర్ మరణాలపై 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు ఎఫ్‌ఐఆర్‌ను, వేరే బృందంతో దర్యాప్తును, మేజిస్ట్రేట్ విచారణను తప్పనిసరి చేశాయి. శవపరీక్షను ఇద్దరు వైద్యులు చేయాలని, దాన్ని వీడియో తీయాలని కూడా చెప్పాయి. ఎంత దూరం నుంచి కాల్చారు, మణికట్టు మీద కట్టేసిన గుర్తులున్నాయా, తూటా ఏ వైపు నుంచి దూసుకెళ్లింది అన్నవి అక్కడే నమోదు కావాలి. మూడో అధికరణం ఉల్లంఘన జరిగిందో లేదో తేల్చడానికి కావలసిన సాక్ష్యమూ అదే.