మాథేరాన్ కొండమీది ప్రయాణము

ముంబయి నగరమునకు తూర్పున మాథేరాన్ అను చిన్న కొండయూరు గలదు. ఎత్తు సుమారు 2,600 అడుగులు. మరాఠీ భాషలో మాథా యనగా తల, రాన్ యనగా అడవి. వేసవిలో పట్టణవాసులు చల్లదనమునకై అచ్చటి కేగుదురు. అంబులెన్సు వంటి అత్యవసర వాహనములు తప్ప మోటారుబండ్లకు ఆ యూరిలో ప్రవేశము లేదు. ఈ కట్టుబాటు వలన చెట్లు నిలిచినవి, గాలి శుభ్రముగా నున్నది. అయితే బండి పోని చోట బరువు మోయువా రెవరు? మాథేరాన్ చరిత్ర యంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

1850లో ఠాణా జిల్లా కలెక్టరు హ్యూ మాలెట్ ఈ కొండ నెక్కి, విడిదికి తగినదని తలచెను. పిమ్మట బొంబాయి గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువు దానిని వృద్ధికి దెచ్చెను. కొండ దిగువనున్న నేరల్ నుండి పైకి గుఱ్ఱముమీదనో పల్లకిలోనో పోవలసి యుండెను. మన తిరుమలకు 1944లో మోటారుబాట పడకమునుపు యాత్రికులు డోలీలలో ఎక్కుట పెద్దలు వినియే యుందురు. కొండ ఎంత యెత్తో డోలీలో కూర్చున్నవానికి తెలియదు, మోయువానికి తెలియును.

ఈ కష్టమును తొలుత తగ్గించినది రైలు. బొంబాయి వర్తకుడు సర్ ఆదంజీ పీర్‌భాయ్ ధనమిచ్చెను. కుమారుడు అబ్దుల్ హుసేన్ పని నడిపించెను. 1904లో ఆరంభమై 1907లో బండి నడచెను. వ్యయము 16 లక్షల రూపాయలందురు. పట్టాల నడిమి వెడల్పు 2 అడుగులే. నీలగిరి రైలునకు వలె పండ్లపట్టా యిచ్చట లేదు. ఇరువది అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుచు, పామువలె మెలికలు తిరుగుచు, సుమారు 21 కిలోమీటర్లు పోవును. ఆ వంపులకై ఇరుసులు ప్రక్కకు జరుగునట్టి ఎంజినులను జర్మనీలో చేయించిరి. కాని సహ్యాద్రి వానలు దానిని నిలువనీయవు. 2005 వరదలలో తెగిన బాట 2007లో బాగుపడెను. 2019లో మరల కొట్టుకొనిపోగా, 2022 వరకు నేరల్ నుండి బండి లేదు.

మోటారుబాట దస్తూరి నాకా యనుచోట ఆగును. అచ్చటినుండి ఊరి నడిమికి సుమారు రెండున్నర కిలోమీటర్ల యెఱ్ఱమట్టి దారి. నడువలేనివారికి గుఱ్ఱము, లేదా చేతిరిక్షా. ఒకడు ముందు లాగును, ఒకరిద్దరు వెనుక నెట్టుదురు. 2003లో కేంద్రప్రభుత్వము ఈ ప్రాంతమును పర్యావరణరక్షిత మండలముగా ప్రకటించుటతో మోటారు నిషేధము మఱింత బిగిసెను. అడవిని కాపాడుట ధర్మమే. కాని ఆ ధర్మమునకు మూల్యము రిక్షావాని రొమ్ము చెల్లించుట న్యాయమని నేననజాలను.

పొగలేని విద్యుత్ రిక్షాలు కావలెనని లాగువారే న్యాయస్థానమున కెక్కిరి. 2022 డిసెంబరులో కొన్నిటిని ప్రయోగముగా నడిపిరి. గుఱ్ఱములవారు తమ కూడు పోవునని అడ్డుపడిరి. వారి భయమును తేలికగా త్రోసివేయరాదు. 2024లో సుప్రీంకోర్టు ఇరువదింటికే అనుమతించి, అవి లాగువారికే చెందవలెననెను. 2025 ఆగస్టులో చేతిరిక్షాలను ఆరునెలలలో మాన్పవలెనని ఆజ్ఞాపించెను. ఎన్ని రిక్షాలు, ఎవరికి అను నిర్ణయమును కలెక్టరు అధ్యక్షతగల సంఘమునకు విడిచెను. ధనము చాలదను సాకు చెల్లదనియు ఆ తీర్పులో నున్నది.