మూస: వెబ్ పుటల ఉమ్మడి విన్యాసం – చారిత్రక పరిశీలన

కీలకపదాలు: మూస, పుటవిన్యాసం, ఫ్రేమ్, వారసత్వం, తెలుగు వికీపీడియా.

తెలుగు సాహిత్య విమర్శలో ‘మూస’ నిందావాచకం. మూస కథ, మూస పాత్ర అంటే కొత్తదనం లేనివని అర్థం. కంసాలి బంగారం కరిగించే పాత్రకు చెందిన మాట విమర్శలో దోషానికి పేరైంది. ఐరోపా భాషల్లో స్టీరియోటైప్, క్లిషే అనే మాటలు కూడా అచ్చు పలకల నుంచే నిందార్థంలోకి జారాయి. తెలుగు వికీపీడియాలో మాత్రం మూస గౌరవనీయమైన సాంకేతిక పదం. అనేక పుటలు పంచుకొనే రూపాన్ని ఒకచోట నిలిపి ఉంచే ఏర్పాటుకు అక్కడ అదే పేరు. పుటను మూసలో పోయవలసిన అవసరం ఎలా కలిగింది, ఆ మూసపై అధికారం ఎవరిది అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు.

1991లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ నుంచి లోకానికి అందించిన వెబ్‌లో ప్రతి పుటా విడి పత్రమే. శీర్షభాగం, లంకెల పట్టిక, పాదభాగం ప్రతి ఫైలులోనూ మళ్ళీ రాయవలసిందే. వంద పుటల్లో ఉన్న ఒక చిరునామా మారితే వంద దిద్దుబాట్లు అవసరం. కొన్ని మరుగున పడేవి. ప్రతికి ప్రతి ఎత్తి రాసేటప్పుడు పాఠభేదాలు పుట్టే తీరు తెలిసిన తాళపత్ర పరిష్కర్తలకు ఈ చిక్కు కొత్తది కాదు.

తొలి పరిష్కారం చేర్పు. పుటలో ఒక ఆదేశం ఉంచితే సర్వరు మరో ఫైలును తెచ్చి అక్కడ అతికేది. పిహెచ్‌పి భాషలోని ‘ఇంక్లూడ్’ ఈ పద్ధతిని విస్తృతంగా వ్యాప్తి చేసింది. 1996 నాటి నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 మరో దారి తొక్కి, ఫ్రేముల ద్వారా తెరనే గడులుగా విభజించింది. అయితే పాఠకుడు ఏ పుటలో ఉన్నా చిరునామా ఒకటే కనిపించేది. శోధనయంత్రం ద్వారా వచ్చినవారికి చుట్టూ ఏమీ లేని ఒంటరి గడి ఎదురయ్యేది. 1997లో హెచ్‌టిఎమ్‌ఎల్ 4.0 ప్రమాణంలో చోటు పొందిన ఫ్రేములను 2014 నాటి హెచ్‌టిఎమ్‌ఎల్ 5 తొలగించింది.

చేర్పులోనూ లోపముంది. శీర్షభాగపు ఫైలులో తెరిచిన ట్యాగు పాదభాగపు ఫైలులో మూతపడాలి; రెండింటినీ పిలవవలసిన బాధ్యత ప్రతి పుటదీ. 2004–05 ప్రాంతంలో వ్యాప్తికి వచ్చిన రైల్స్, జాంగో, ఎఎస్‌పి.నెట్ 2.0 ఈ సంబంధాన్ని తలకిందులు చేశాయి. పుట విన్యాసాన్ని పిలవదు. విన్యాసమే పుటను తనలో ఇముడ్చుకొంటుంది. వీటిలో జాంగో పుట్టుక ఆసక్తికరం. అది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే వార్తాపత్రిక కార్యాలయంలో రూపొందింది. అందులో మాతృమూస కొన్ని ఖాళీలకు పేర్లు పెట్టి ఉంచుతుంది. పిల్ల మూస తల్లిని పేర్కొని తనకు కావలసిన ఖాళీలనే నింపుతుంది; నింపనిచోట తల్లి పాఠమే నిలుస్తుంది. శతకంలో మకుటం నిలిచి తక్కిన పద్యం మారుతున్నట్లు స్థిరాస్థిరాల విభజన ఇక్కడ స్పష్టం.

వికీపీడియాకు ఆధారమైన మీడియావికీలో మూసలకు 2004లో ప్రత్యేక పేరుబరి ఏర్పడింది. ప్రోగ్రామింగ్ వృత్తి కానివారు కూడా మూసలు రాయగలగడం దీని విశిష్టత. వాటిలో షరతులు పెరిగి సర్వర్లపై భారం పడటంతో 2013లో లువా భాష ప్రవేశించింది. ఒక మూసలో ఒక్క అక్షరం మారినా దానిని వాడే వేల పుటలు మారతాయి. అందుకే అదే సంవత్సరం ఆంగ్ల వికీపీడియా మూస సంపాదకులకు ప్రత్యేక హక్కును ఏర్పరచింది. వ్యాసం అందరిదైనా, దాని చట్రం కొందరి చేతుల్లోకి వెళ్ళింది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు అనేక మూసలు ఆంగ్లం నుంచే వచ్చాయి. వాటి వెంట అక్కడి ఊహలూ వచ్చాయి. మూలాలను చూపే మూస రచయిత పేరును ఇంటిపేరు, సొంత పేరు అని రెండు గడులుగా అడిగి, నడుమ కామా ఉంచుతుంది. ఆంగ్లంలో సహజక్రమం తలకిందులైందని ఆ కామా చెబుతుంది. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ ‘విశ్వనాథ, సత్యనారాయణ’ అయితే ఆ కామాకు అర్థం లేదు. పూర్తి పేరును ఒకే గడిలో రాసే వెసులుబాటు మూసలో ఉన్నా, ఏ గడి ఎంచుకోవాలన్న నిర్ణయం ప్రతి సంపాదకుడి మీదా విడివిడిగా పడుతోంది. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా సరిపడాలన్న ఉద్దేశంతో పుట్టిన మూసలోనే ఈ దిద్దుబాటు పుటపుటకూ మిగిలిపోయింది.