రొమ్ము క్యాన్సర్‌లో కణ సంకేత మార్గాలు

కణం పెరగాలా, విభజన చెందాలా, చనిపోవాలా అన్నది చాలావరకు బయటినుంచి అందే సందేశాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ సందేశాన్ని ఒక గ్రాహకం పట్టుకుంటే, ప్రొటీన్లు ఒకదాని తర్వాత ఒకటి దాన్ని కేంద్రకం దాకా చేరవేస్తాయి. ఈ వరుసే సంకేత మార్గం. రొమ్ము క్యాన్సర్‌లో ఇలాంటి మార్గాలు ఒకటో రెండో ఆగకుండా పనిచేస్తుంటాయి. ఏది పనిచేస్తోందో తేలితేనే సరైన మందు ఎంచుకోవడం సాధ్యం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల రోగుల విషయంలో మందు ఎంత ముఖ్యమో, గడ్డనుంచి తీసిన ముక్కను మొదటి గంటలో ఏం చేశారన్నదీ అంతే ముఖ్యం.

అన్నిటికన్నా ముందు తెలిసింది ఈస్ట్రోజన్ మార్గం. అండాశయాలు తీసేస్తే గడ్డ తగ్గవచ్చన్న ఆలోచన 1889లో జర్మన్ శస్త్రవైద్యుడు షింజింగర్‌ది. చేసి చూపి, 1896లో ప్రచురించినవాడు స్కాట్లండ్ వైద్యుడు జార్జ్ బీట్సన్; ఘనత బీట్సన్‌కే దక్కడం సమంజసం. ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని ఎల్వుడ్ జెన్సెన్ 1950ల చివరినుంచి జరిపిన పరిశోధనల్లో నిరూపించాడు. 1962లో తయారైన టామాక్సిఫెన్‌కు అమెరికాలో 1977లో అనుమతి లభించింది. గ్రాహకం ఉన్న రోగులు ఈ మాత్రను ఐదేళ్లు వాడితే, పదిహేనేళ్ల కాలంలో ఈ జబ్బుతో సంభవించే మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయి. ఇంత చవకైన మందుతో ఇంత మేలు క్యాన్సర్ వైద్యంలో అరుదు.

రెండో ముఖ్య గ్రాహకం హెర్2. 1984–86 మధ్య వేర్వేరు బృందాలు ఒకే జన్యువును న్యూ, హెర్2, ఎర్బ్‌బీ2 అన్న పేర్లతో వర్ణించాయి. రొమ్ము గడ్డలో దాని ప్రతులు పెరిగాయని 1985లోనే కింగ్, క్రాస్, ఆరన్‌సన్ చూపారు. ఆ పెరుగుదల రోగి ఆయుష్షును తగ్గిస్తుందని 1987లో డెనిస్ స్లామన్ బృందం తేల్చింది. స్లామన్ తొలి లెక్కలో సుమారు 30 శాతం గడ్డలు ఇలాంటివి. ఇప్పుడు 15–20 శాతమే అంటున్నారు. హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ 1998లో వచ్చింది.

హెర్2 లాంటి గ్రాహకాల దిగువన రెండు దారులు: పీఐ3కే–ఏకేటీ–ఎంటార్, రాస్–మాప్‌కైనేజ్. మొదటిదాన్ని అడ్డుకునే ఎవరోలిమస్ రొమ్ము క్యాన్సర్‌కు 2012లో, అల్పెలిసిబ్ 2019లో అమెరికా అనుమతి పొందాయి. కణ విభజన చక్రాన్ని ఆపే పాల్బోసిక్లిబ్ 2015లో వచ్చింది. రాస్ దారి రొమ్ము క్యాన్సర్‌లో నేరుగా చెడిపోవడం తక్కువ. అయినా ఈ సందర్భంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డిని తలచుకోవాలి. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడమే క్యాన్సర్ గుణానికి కారణమని 1982లో నిరూపించిన పత్రానికి ఆయనే మొదటి రచయిత. వైన్‌బర్గ్, విగ్లర్ బృందాలు కూడా అదే ఏడాది చివర్లో అదే సంగతి ప్రకటించాయి కనుక మొదటివారెవరన్న వాదన కన్నా ముగ్గురినీ కలిపి చెప్పడమే న్యాయం.

ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్, హెర్2 గ్రాహకాలు మూడూ లేని 'ట్రిపుల్ నెగటివ్' రకం భారతీయ అధ్యయనాల్లో సుమారు 30 శాతంగా కనిపిస్తుంది; పాశ్చాత్య దేశాల్లో దాదాపు దీనిలో సగమే. రోగుల చిన్న వయసు ఒక కారణం కావచ్చు. ముక్కను సరిగా భద్రపరచకపోవడం వల్ల ఉన్న గ్రాహకం లేనట్టు తేలడం మరో కారణమన్న వాదనకు బలం ఉంది. తీసిన ముక్కను గంటలోపు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. కనీసం 6 గంటలు, గరిష్ఠంగా 72 గంటలు అందులో ఉంచాలి. ఆలస్యమైనా, సెలైన్‌లో వదిలేసినా ప్రొటీన్లు చెడతాయి. అప్పుడు టామాక్సిఫెన్ పనిచేయాల్సిన మనిషికి అది అందకుండా పోతుంది. ఆపరేషన్ చిన్న ఊళ్లో, పరీక్ష పెద్ద ఊళ్లో జరిగేచోట ఈ ప్రమాదం ఎక్కువ. హెర్2 పరీక్షలో 0, 1+ నెగటివ్, 3+ పాజిటివ్. 2+ వస్తే జన్యువు ప్రతులను లెక్కించే ఫిష్ పరీక్ష కూడా చేయించాలి. ఖర్చుకు వెరచి దాన్ని మానేయడం మంచిది కాదు.

పరీక్షకైనా, చికిత్సకైనా పెద్ద ఊరికి వెళ్లాలంటే, ధర్మవరం–పెనుకొండ–హిందూపురం రైలు మార్గం నేరుగా బెంగళూరుకు పోతుంది. హిందూపురం నుంచి సుమారు 100 కి.మీ. కనుక ఈ ప్రాంత రోగులకు అక్కడి కిద్వాయి ఆసుపత్రే దగ్గరి పెద్ద క్యాన్సర్ కేంద్రం. మరో కేంద్రం, హైదరాబాదులోని బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి, 2000లో మొదలైంది. చికిత్స ఖర్చు భరించే ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ తొలివిడతగా 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి అనంతపురం ఒకటి. ఈ మూడు పట్టణాలూ అప్పుడు అందులోనివే. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి.

ట్రాస్టుజుమాబ్ ధర చాలాకాలం సామాన్యులకు అందలేదు. 2013లో రోష్ భారతీయ పేటెంట్‌ను వదులుకుంది; 2014లో బెంగళూరు బయోకాన్, మైలాన్ కలిసి రూపొందించిన బయోసిమిలర్ వచ్చింది; 2015లో ఈ మందు జాతీయ అత్యావశ్యక మందుల జాబితాకెక్కింది. దీన్ని ఏడాదిపాటు ఇవ్వడం ఆనవాయితీ. ఆరు నెలలు చాలునని ఫ్రాన్స్‌లోని ఫేర్ పరిశోధన రుజువు చేయలేకపోతే, చాలునని 2019లో బ్రిటన్‌లోని పెర్సిఫోనీ చెప్పింది. ఏడాది మోతాదు కొనగలిగినవారికి ఏడాదే మేలు. కొనలేక మొత్తానికే మానేసేవారికి మాత్రం ఆరు నెలల ఫలితాలను పక్కన పెట్టకూడదు.

జబ్బు తిరగబెట్టినప్పుడు గ్రాహకాలు మారిపోయి ఉండవచ్చు గనుక మళ్లీ ముక్క పరీక్ష చేస్తారు. అప్పుడు పోల్చి చూసేందుకు, మొదట ఆపరేషన్ చేసిన చోటినుంచి రిపోర్టుతో పాటు, ముక్కను భద్రపరచిన మైనపు బ్లాకును కూడా అడిగి తెచ్చుకోవాలి.