మూడు మాత్రలు ఒకేసారి మింగితే?

“మొన్నా నిన్నా మర్చిపోనాను బాబూ, మూడు మాత్రలూ ఒకేపాలి మింగేస్తే సరిపోదేటి?” చాలా ఏళ్ల క్రితం భావనపాడు తీరాన చేపలు ఎండబెట్టుకునే ఒక గర్భిణి నన్నడిగిన ప్రశ్న ఇది. “వద్దమ్మా, కడుపు పాడవుతుంది” అని మాత్రమే ఆనాడు చెప్పగలిగాను. అసలు సమాధానం కోసం వైద్యశాస్త్రం సుదీర్ఘకాలం వెదికింది.

1832లో ఫ్రాన్స్ వైద్యుడు పియేర్ బ్లో రక్తహీనతతో పాలిపోయిన యువతులకు ఇనుము మాత్రలిచ్చి గుణం చూశాడు. కానీ మింగినదానిలో ఒంటబట్టేది ఎంతో అప్పటికి తెలియదు. 1937లో ఇంగ్లండు పరిశోధకులు మెకాన్స్, విడోసన్ కీలకమైన సంగతి గ్రహించారు. అదనపు ఇనుమును బయటకు పంపే మార్గం శరీరానికి దాదాపు లేదు. కనుక అదుపంతా పేగు వద్దనే జరగాలి. 1943లో అమెరికాలో కుక్కలపై జరిగిన ప్రయోగాల్లో, ఒక మోతాదు ఇచ్చిన కొన్ని గంటలకు ఇచ్చిన రెండో మోతాదును పేగు అంతగా గ్రహించలేదు.

ఆ కాపలాదారు ఎవరో 2000 తరువాతే తేలింది. ఇనుము పెరిగినప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది పేగు కణాల నుంచి రక్తంలోకి ఇనుము వెళ్లే ద్వారాన్ని మూసివేస్తుంది. ఇనుము నిల్వలు తగ్గిన యువతులపై స్విట్జర్లాండ్ పరిశోధకులు జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. మోతాదును 40 నుంచి 240 మిల్లీగ్రాములకు, అంటే ఆరింతలు పెంచినా, ఒంటబట్టిన ఇనుము సుమారు మూడింతలే పెరిగింది!

మన దేశంలోనూ 1970లో 60 మిల్లీగ్రాములతో మొదలైన గర్భిణుల మాత్ర, 1990ల ఆరంభంలో 100కు పెరిగి, 2018 నాటి ‘అనీమియా ముక్త్ భారత్’లో మళ్లీ 60కి చేరింది.

కాబట్టి, అమ్మా, మూడు మాత్రలు మూడింతల రక్తమివ్వవు. పేగులో మిగిలిపోయిన ఇనుము వికారాన్నీ, మలబద్ధకాన్నీ తెస్తుంది. మరచినదాన్ని వదిలి, నేటి మాత్ర నేడు వేసుకోండి. టీతో వద్దు, నిమ్మరసం మేలు. అన్నంలో చేపముక్క ఉంటే ఆ భోజనంలోని ఇనుమూ బాగా ఒంటబడుతుంది. గర్భిణులు వైద్యుని అడగకుండా మోతాదు మార్చుకోరాదు. మాత్రలను పిల్లలకు అందనివ్వకండి. వారికి అవి ప్రాణాంతకం కావచ్చు.