షోలాపురపు పాత మగ్గములు - వాని విడిభాగములు

మన పద్మశాలీయులు తెలంగాణమునుండి షోలాపురము చేరిన వృత్తాంతమును, మార్కండేయ మహర్షి రథోత్సవ వైభవమును, ఇచ్చటి చద్దరుల కీర్తిని గూర్చి పెద్దలు పలుమారులు వ్రాసియున్నారు. కాని ఆ చద్దరును నేసిన మగ్గమును గూర్చియు, అది విరిగిననాడు దానిని మరల నిలబెట్టినవారిని గూర్చియు వ్రాసినవారు అరుదు. ఒక నేత కార్ఖానాలో విడిభాగముల పద్దు చాలకాలము వ్రాసినవారము గనుక, మాకు తెలిసినంతలో ఆ చరిత్రను మనవి చేయుదుము.

ఈ ఊరికి 1860లో రైలు వచ్చెను. 1877లో మొదటి పెద్ద నూలుమిల్లు వెలసెను. దానినే జనులు జూనీమిల్లు అనిరి. ఇంటింట చేతిమగ్గము నేసిన మనవారు ఇరువదవ శతాబ్దమున క్రమముగా మరమగ్గములకు మారిరి. ఆ మరమగ్గపు పుట్టుక ఇంగ్లండులోని లాంకషైరు సీమ. 1840 ప్రాంతమున అచ్చట స్థిరపడిన రూపమే స్వల్పమైన మార్పులతో నూరేండ్లకు పైగా నడచినది. ఆల్డ్‌హాములోని ప్లాట్ సోదరులు, బ్లాక్‌బర్నులోని లివ్‌సే, కీలీలోని హాటర్‌స్లే మొదలగు సంస్థలు చేసిన మగ్గములు దేశదేశములకు పోయినవి. మనదేశపు మిల్లులు పాత మగ్గములను తీసివేసినప్పుడు అవి చేతులు మారి చిన్న కార్ఖానాలకు చేరెడివి. మగ్గముతోపాటు దాని రోగములును వచ్చెడివి.

ఇంతలో వానిని చేసినవారే కనుమరుగైరి. 1959లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టము చేసి, పాత నూలు యంత్రములను తుక్కు చేయువారికి ప్రభుత్వ ధనసహాయము నిచ్చెను. లోకమున కెల్ల యంత్రములు పంపిన ప్లాట్ సంస్థ 1982లో మూతబడెను. మగ్గముపై పోతపోసిన పేరు మిగిలినది. ఆ పేరుకు ఉత్తరము వ్రాసినచో జవాబిచ్చువారు లేరైరి.

తోలు, కొయ్య సామానునకు అంతగా చిక్కులేదు. నాడెను కొట్టు పికరు ఎనుబోతు పచ్చితోలుతో చేసి నూనెలో నానవేయునది, మనదేశముననే దొరకును. నాడెకు విదేశపు కొయ్య రానప్పుడు స్వదేశపు గట్టి కొయ్యతో పని జరుపుకొనిరి. చిక్కంతయు ఇనుముతోనే. పాత మగ్గపు మరలు విట్‌వర్తు పద్ధతివి: అరంగుళపు మరకు అంగుళమునకు 12 చుట్లు, చుట్టు కోణము 55 డిగ్రీలు. నేటి మెట్రిక్ మరకు ఆ కోణము 60 డిగ్రీలు. అరంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. కొత్త 12 మిల్లీమీటర్ల మరను అందు బిగించినచో నిలిచినట్లే కనబడి, మగ్గపు అదటుకు ఊడివచ్చును. అందుచేత లేతు పనివారు పాత మరను చూచి కొత్తదానిని కోసి ఇచ్చెడివారు.

చక్రముల సంగతి ఇంకను సున్నితము. నేసిన గుడ్డను చుట్టుకొను భాగమున మార్పుచక్రము ఒకటి కలదు. పికిల్సు పద్ధతి మగ్గమునకు 36 పండ్ల స్టాండర్డు చక్రమున్నచో, మార్పుచక్రమునకు ఎన్ని పండ్లో అంగుళము గుడ్డకు అన్ని పేకపోగులు పడును. పండ్లు అరిగినచో గుడ్డలో చారలు పడును.

కొలువులో చేరిన క్రొత్తలో మేమొక పొరపాటు చేసితిమి. అరిగిన మార్పుచక్రము నొకదానిని పోతపనివారికి పంపి, అట్టివే 12 చక్రములు పోయుడని వ్రాసితిమి. వారు మేము పంపినదానినే నమూనాగా పెట్టి పోసిరి. పోతయినుము చల్లారునప్పుడు అడుగునకు సుమారు అంగుళములో ఎనిమిదవవంతు ముడుచుకొనునని మేమెరుగము. అరుగుదలకు ముడుత తోడై, వచ్చిన చక్రము లన్నియు చిన్నవే. బిగించి నడిపినంత గుడ్డనిండ చారలు పడినవి, మగ్గము నిలిచినది. ఆ వారపు కూలి నేతగానికి తగ్గెను. తప్పు మాది, నష్టము ఆతనిది. ఆ మాట నేటికిని మమ్ము బాధించుచున్నది.

మిల్లులో ముదిరిన వృద్ధ జాబరు ఒకరు మమ్ము పిలిచి, "బిడ్డా, ముసలోన్ని జూసి పడుచోని అంగీ కుడ్తరా?" అనిరి. పిదప ఆ పాతచక్రమును దీపము దగ్గర త్రిప్పి చూపిరి. జోడుచక్రము తాకని అంచున పన్ను అరగక తొలిరూపుననే యున్నది. ఆ అంచును కొలిచి, పండ్లు లెక్కించి, రెండు ఇరుసుల నడిమి దూరము పట్టి, వారు అసలు కొలత కనుగొనిరి. వడ్రంగి ముడుతకు తగినంత పొడిగించిన కొలబద్దతో కొయ్య నమూనా చేసెను. మొదట ఒక్కటే పోయించి, మగ్గమునకు బిగించి, ఒక దినము నడిపి చూచి, పిదపనే మిగిలినవి పోయించిరి. విరిగిన యంత్రమును అడిగి తెలిసికొను ఈ విద్య ఏ బడిలోను చెప్పగా మేము వినలేదు.

చద్దరుపై పూలు, నెమళ్ళు తీర్చు జకార్డు యంత్రమునకును ఇదే గతి పట్టినది. ఫ్రాన్సులోని లియాన్ నగరమున జకార్డు 1804లో రూపొందించిన పద్ధతి అది. చిల్లుల అట్టలు ఏ పడుగు లేవవలెనో సూదులకు, కొక్కెములకు చెప్పును. ఒక సూది వంగినను పువ్వులో రేక తప్పును. కొత్త సూదులు దొరకనప్పుడు పనికిరాని జకార్డు నొకదానిని విప్పి, దాని సూదులు, స్ప్రింగులతో తక్కినవానిని నడిపిరి. నేడు విద్యుత్‌పరికరముల జకార్డులు వచ్చినవి. వానికి అట్టలే అక్కరలేదు.

షోలాపురపు చద్దరుకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు రక్షణ కలిగినందులకు సంతోషమే. కాని ఆ పేరు తెచ్చిన మగ్గములు తూకమునకు పోవుచున్నవి. కొయ్య నమూనాలు పొయ్యిపాలగుట మేము కన్నులార చూచితిమి. కొలతలు నోటనే యున్న జాబరులు ఒక్కరొక్కరుగా దాటిపోవుచున్నారు. పాత మగ్గములనే ఎల్లకాలము నడుపుడని మేమనము. కూడు పెట్టు యంత్రమును ఎన్నుకొనుట నేతగాని హక్కు. అయినను మన సంఘము ఒక చిన్న గదిలో నాలుగు నమూనాలు, ఒక జకార్డు, కొన్ని చక్రములు దాచి, బ్రతికియున్న జాబరుల మాటలను కొలతలతోసహా తెలుగున వ్రాయించినచో గొప్ప మేలగును. వారు పోయిన పిదప అడుగుటకు, అరుగని అంచు వంటిదైనను ఒకటి మిగులవలెను గదా!