తవ్వకానికి ముందే మట్టి పరీక్ష: పాత పారిశ్రామికవాడల్లో నిర్మాణాలు, వ్యర్థజల నిబంధనలు

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు లోపలా, దాని చుట్టుపక్కలా ఉన్న పాత పారిశ్రామికవాడల్లో సుమారు 9,292 ఎకరాలను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునే వీలు కల్పిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో ఒక విధానం తెచ్చింది. బాలానగర్, జీడిమెట్ల, నాచారం, కాటేదాన్ లాంటి వాడలు ఈ చర్చలోకి వచ్చాయి. దశాబ్దాలుగా యంత్రాలు తిరిగిన నేల ఇది. రేపు అక్కడ అపార్టుమెంట్లు లేస్తే, పునాదిలో బయటపడే మట్టిని, సెల్లారులో ఊరే నీటిని ఏ నిబంధన అదుపు చేస్తుంది? ఈ వ్యాసం పరిశీలించేది ఆ ప్రశ్ననే.

ఆందోళనకు ఆధారాలున్నాయి. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, రాగి ఎక్కువ మోతాదుల్లో ఉన్నాయని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించారు. అక్కడి నూర్ మహమ్మద్ కుంటను ప్రపంచ బ్యాంకు సాయంతో బాగుచేయదలచిన కలుషిత స్థలాల్లో ఒకటిగా ఉమ్మడి రాష్ట్రంలోనే ఎంచుకున్నారు.

నిర్మాణాలకు ప్రధానంగా వర్తించేది 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణానికి ముందస్తు పర్యావరణ అనుమతి ఉండాలి. అంతకన్నా చిన్నదైన మామూలు అపార్టుమెంటుకు అది అక్కర్లేదు. అనుమతి అవసరమైన చోట కూడా దరఖాస్తులో ప్రశ్నలు ఎక్కువగా రాబోయే భవనం గురించే: ఎంత నీరు వాడతారు, మురుగు ఎంత వస్తుంది, మురుగు శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) సామర్థ్యం ఎంత. చుట్టుపక్కల ఇప్పటికే కలుషితమైన ప్రాంతాలున్నాయా అని ఒక వరుసలో అడుగుతారు. దాన్ని నింపేది దరఖాస్తుదారే. ఆ సర్వే నంబరులో నిన్నటిదాకా ఏ పరిశ్రమ నడిచింది, దాని వ్యర్థాలు ఎక్కడికి పోయాయి అన్నది తవ్వకానికి ముందు తేల్చాల్సిన మొదటి విషయం. దానికి ఆ ఒక్క వరుస చాలదు.

అసలు ప్రమాదం తవ్వకంలో ఉంది. హైదరాబాదు నేలలో పైన మొరం, దాని అడుగున పగుళ్లున్న గ్రానైటు ఉంటాయి. ఫ్యాక్టరీ ఆవరణలో ఒలికిన ద్రావకాలు, ఆమ్లాలు మొరంలోకి దిగి, ఆ పగుళ్ల వెంట పాకుతాయి. క్లోరిన్ కలిసిన ద్రావకాలు నీటికన్నా బరువు కాబట్టి ఇంకా లోతుకు పోతాయి. పైపైన తీసిన మట్టి నమూనాలో అవి కనిపించకపోవచ్చు. మూడు నాలుగు సెల్లార్ల లోతుకు తవ్వి రాత్రింబవళ్లు మోటార్లతో నీరు తోడితే, చుట్టుపక్కల పగుళ్లలోని కలుషిత జలం కూడా ఆ గోతివైపే వస్తుంది. తోడిన నీటిని వర్షపు నీటి కాలువలోకి వదిలితే నాలా ద్వారా మూసీకి చేరుతుంది. పరిశ్రమల వ్యర్థజలాన్ని అలా వదలడాన్ని 1974 నాటి జల చట్టం ఒప్పుకోదు. భూమి నుంచి తోడిన నీరు చూడటానికి తేటగా ఉంటుంది కనుక దాన్ని వ్యర్థజలంగా సాధారణంగా ఎవరూ లెక్కించరు. దాన్ని పరీక్షించకుండా వదలడం ఈ మొత్తం వ్యవస్థలో అతి పెద్ద లోపమని నా అభిప్రాయం.

మట్టి సంగతీ అంతే. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల రెండో షెడ్యూలు పదార్థాల గాఢతను బట్టి ప్రమాదాన్ని నిర్ణయిస్తుంది. ఊట పరీక్షలో సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములకు చేరితే అది ప్రమాదకర వ్యర్థమే. దుండిగల్ లాంటి శాస్త్రీయ నిర్మూలన కేంద్రానికి పత్రాలతో సహా వెళ్లాలి. పరీక్షే చేయకపోతే ఆ మట్టి టిప్పర్లలో మరో వెంచరుకో, చెరువు శిఖంలోకో మామూలు మట్టిగానే పోతుంది. ఈ మట్టిని, నీటిని మొట్టమొదట ముట్టుకునేది అడ్డా కూలీలు, వలస వచ్చిన కార్మికులు. గోతి పక్కనే రేకుల షెడ్లలో వాళ్ల పిల్లలు పెరుగుతారు. వాళ్ల ఆరోగ్యాన్ని లెక్కలోకి తీసుకోని అనుమతి పత్రం అసంపూర్ణం.

కట్టే ముందు నేల పూర్వచరిత్ర తెలుసుకోవాలన్న పాఠాన్ని అమెరికా లవ్ కెనాల్‌లో నేర్చుకుంది. నయాగరా ఫాల్స్ పట్టణంలో ఒక రసాయన సంస్థ 1942-53 మధ్య సుమారు 21,000 టన్నుల వ్యర్థాలు పూడ్చి, ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు ఇచ్చింది. బడి కట్టారు, ఇళ్లు లేచాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. 1980లో కలుషిత స్థలాల శుద్ధి కోసం సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. కొనే ముందు స్థలం పూర్వచరిత్రను నిపుణులతో విచారించుకున్న కొనుగోలుదారుకే బాధ్యత నుంచి రక్షణ దొరికేలా అక్కడి ప్రమాణాలు 2006 నవంబరులో అమల్లోకి వచ్చాయి. మన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కూడా అదే ఏడాదిది, కానీ స్థలం పాత కాలుష్యం గురించి అందులో ఉన్నది ఆ ఒక్క వరుసే.

మన దేశంలో కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు 2025 జులైలో వచ్చాయి. అనుమానిత స్థలాల జాబితా తయారీ, ప్రాథమిక అంచనా, సమగ్ర సర్వే, శుద్ధి ఖర్చును కాలుష్య కారకుడి నుంచి రాబట్టడం ఇందులో ఉన్నాయి. మంచి అడుగే. కానీ కాలుష్యం తేలాక ఖర్చు రాబట్టడం ఎంత కష్టమో రాజస్థాన్‌లో పరిశ్రమల కాలుష్యానికి గురైన బిచ్డీ గ్రామం చెబుతుంది. కాలుష్య కారకుడే చెల్లించాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చినా, ఆ డబ్బు కోసం 2011లో మళ్లీ అదే కోర్టు చక్రవడ్డీతో కట్టమని ఆదేశించాల్సి వచ్చింది.

కాబట్టి పాత పారిశ్రామిక స్థలంలో నిర్మాణానికి, విస్తీర్ణం ఎంత తక్కువైనా సరే, ప్లాను మంజూరుకు ముందే లోతు మట్టి, భూగర్భజల పరీక్షలు తప్పనిసరి చేయాలి. తోడే నీటికి కాలుష్య నియంత్రణ మండలి విడిగా అనుమతి ఇవ్వాలి. పరీక్ష నివేదికలను సర్వే నంబరు వారీగా ప్రజలకు అందుబాటులో ఉంచాలి. ఆ వాడల్లో ఫ్లాటు కొనదలచినవారు లింకు డాక్యుమెంట్లతో పాటు ఆ నివేదికను కూడా బిల్డరును అడగాలి.