గుడ్లకు లోటు లేదు

సెప్టెంబరు, అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరం. ఇంకా వెలుగు రాలేదు. బోటు జెట్టీ వదలగానే మీ ముక్కుకు తగిలేది సముద్రపు గాలి కాదు, ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేపల కంపు. ఎర డ్రమ్ములు మీ మోకాళ్లకు ఆనుకునే ఉన్నాయి. కళాసీ కుర్రాడు ఆ చేపల్ని గుప్పిళ్లతో తోడి వలసంచుల్లో కుక్కుతున్నాడు. మీకిచ్చిన పని కాస్త శుభ్రమైనదే: అట్ట, పెన్సిలు. పక్కన ఇత్తడి కొలబద్ద పట్టుకుని నిలబడ్డావిడ రాష్ట్ర సముద్ర వనరుల శాఖ మనిషి. బోనులో పడ్డ ప్రతి లాబ్‌స్టర్‌నీ, అమ్మకానికి పనికొచ్చినా రాకపోయినా, ఆవిడ కొలిచి చెబుతుంది. మీరు రాసుకోవాలి.

సరంగు కొక్కెంతో తేలే బుడ్డిని అందుకుని తాడును యంత్రపు చక్రానికి తగిలించాడు. నీళ్లు చిమ్ముకుంటూ తాడు పైకొచ్చింది, దాని వెనకే తీగ బోను బోటు అంచుమీద ధడేల్మని పడింది. అందులో గదులున్నాయి. ఎర వేలాడేది వంటిల్లు, లాబ్‌స్టర్ చిక్కుకునేది ముందుగది. ఇక్కడి జాలర్లు పెట్టుకున్న పేర్లే అవి. చిక్కుకోవడం అన్నమాటే గానీ అదేమంత గట్టి చెర కాదు. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం వాళ్లు బోనుకు కెమెరా కట్టి చూస్తే, లోపలికి దూరినవాటిలో నూటికి ఆరే పట్టుబడ్డాయి. మిగతావి తిన్నంత తిని, తమలో తాము తగువులాడుకుని, చాలావరకు వచ్చిన దారినే బయటపడ్డాయి. ఇది చదివాక బోను పట్టే సాధనమా, మేపే సాధనమా అన్న అనుమానం నాకింకా తీరలేదు.

కొలత కంటి గుంట దగ్గర మొదలై వీపు పెంకు చివర ఆగుతుంది. మూడుంబావు అంగుళాలకు తగ్గితే నీళ్లలోకి. అయిదు అంగుళాలు దాటినా నీళ్లలోకే, ఎందుకంటే పెద్ద తల్లి పెట్టినన్ని గుడ్లు చిన్నది పెట్టలేదు. ఆవిడ ఒకదాన్ని వెల్లకిలా తిప్పి మీ ముందు పెట్టింది. తోక ఫట్‌ఫట్‌మని ముడుచుకుంటోంది, మీ కళ్లజోడు మీద ఉప్పునీళ్లు. పొట్ట కింద, ఈత కాళ్లను పట్టుకుని, ముదురాకుపచ్చ గుడ్లు వేలకు వేలు. తొమ్మిది నుంచి పదకొండు నెలలు వాటినిలాగే మోస్తుంది. సరంగు దాన్ని అందుకుని, తోక చివరి రెక్కల్లో మధ్యదానికి కుడివైపున ఉన్నదానికి ‘వి’ ఆకారంలో చిన్న గాటు పెట్టి సముద్రంలోకి జారవిడిచాడు. ఇక అది గుడ్లు లేకుండా ఎవరి బోనులో పడినా, గాటు కనిపిస్తే అమ్మకూడదు. ఈ ఊళ్లలో ఈ పద్ధతి వందేళ్ల పైమాట. తర్వాతి బోనులో గాటున్నది, ఆ తర్వాతి దాంట్లో గుడ్లతో ఇంకొకటి. మీ అట్టమీద తల్లుల గళ్లే ముందు నిండుతున్నాయి.

తల్లులు ఇన్ని ఉంటే బెంగ దేనికని మీరడుగుతారు. సరంగూ అదే అడుగుతాడు.

మెయిన్ జాలర్లు 2016లో ఒడ్డుకు చేర్చింది 13 కోట్ల పౌండ్ల పైన. 1980ల్లో ఏడాదికి రెండు కోట్లు దాటితే అదే గొప్ప. లాబ్‌స్టర్ పిల్లల్ని తినే కాడ్ చేపలు తరిగిపోయాయి, చల్లటి నీళ్లు కాస్త వెచ్చబడి పిల్లలు దిగే చోట్లు పెరిగాయి. అంటే ఈ సిరిలో వేడికీ వాటా ఉంది. అదే వేడి దక్షిణాన వేరే పని చేసింది. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్ సౌండ్‌లో 1999లో లాబ్‌స్టర్లు కుప్పలుగా చచ్చాయి, అక్కడి వేట మళ్లీ కోలుకోలేదు. నీళ్లు 20 డిగ్రీలు దాటితే ఈ జీవికి ఊపిరాడడమే కష్టం. మెయిన్‌లోనూ 2024 నాటికి పట్టు 9 కోట్ల పౌండ్ల దిగువకు వచ్చేసింది.

కారణం వెతకాలంటే మీరూ నీళ్లలోకి దిగాలి. ఇంకో రోజు, ఇంకో బోటు. ఒడ్డుకు దగ్గరే, పది మీటర్ల లోపు లోతు. రబ్బరు తొడుగులోంచి చలి మణికట్ల దగ్గర కొరుకుతోంది. అడుగంతా గుండ్రాళ్లు. మీ ముందున్న డైవరు అర చదరపు మీటరు చట్రం పరిచి, ఒక చేత్తో రాళ్లు తీస్తూ, రెండో చేత్తో గాలి పీడనంతో లాగే గొట్టాన్ని సందుల్లో తిప్పుతున్నాడు. గుల్లలు, బుల్లి పీతలు, ఇసుక అన్నీ గొట్టం పైనున్న వలసంచిలోకి ఎగిరిపోతున్నాయి. పైకెక్కి ట్రేలో బోర్లిస్తే, నాచు మధ్య ఒకటి కదిలింది. వీపు పెంకు అలసంద గింజంత. అంత గింజకూ రెండు గోళ్లు, వాటిని మీ వేలిమీదికి ఎత్తింది! నీటి పైభాగంలో కొన్ని వారాలు కొట్టుకుపోతూ మూడు దశలు దాటి, నాలుగో దశలో కిందికి దిగి, ఈ వేసవిలోనే రాళ్లలో ఇల్లు చూసుకున్న పిల్ల అది.

రిక్ వాలీ అనే శాస్త్రవేత్త 1989లో మొదలుపెట్టిన లెక్క ఇది. ఇప్పుడు దిగిన పిల్ల బోనులో అమ్మకపు సైజుకు రావడానికి ఏడేళ్లు అటూ ఇటూ పడుతుంది కాబట్టి, ముందు రోజుల కబురు ట్రేలోనే తెలుస్తుంది. గత దశాబ్దంలో చాలాచోట్ల ఈ పిల్లలు తగ్గాయి, అదీ గుడ్ల తల్లులు దండిగా ఉన్న కాలంలో. న్యూ హాంప్‌షైర్‌లో జాషువా కార్లోనీ బృందం 2018లో ఒక జాడ చూపింది: కలానస్ అనే, కొవ్వు నిండిన చిన్న జీవి తగ్గిన ఏళ్లలో లాబ్‌స్టర్ పిల్లలూ తగ్గాయి. తేలే దశలో వాటికి మేత అదే కావచ్చు. తోకకు ఎన్ని గాట్లు పెట్టినా ఆ మేత పెరగదు కదా.

సరంగు ఒప్పుకోడు. పిల్లలు చావలేదు, చల్లదనం వెతుక్కుంటూ లోతుకు దిగాయంటాడు. శాస్త్రవేత్తలు ఆ మాటను కొట్టిపారేయలేదు. రాళ్లు నింపిన తీగ పెట్టెల్ని లోతులకు దించి చూశారు. అక్కడా పిల్లలు దొరికాయి, కానీ లోతుకు పోయేకొద్దీ పలచబడ్డాయి. ఈలోగా, చిన్న లాబ్‌స్టర్ల లెక్క పడిపోయిందని అట్లాంటిక్ రాష్ట్రాల మత్స్య కమిషన్ కనీస కొలతను అంగుళంలో పదహారో వంతు పెంచబోయింది. మేం వదిలినవి కెనడా వాళ్లు అమ్ముకుంటారని జాలర్లు భగ్గుమన్నారు. 2025లో కమిషన్ వెనక్కి తగ్గింది. సరంగు జేబులో పాత కొలబద్దే ఉంది. ఆవిడ మాత్రం మీ అట్ట తీసుకుని, గళ్లు సరిచూసి, రేపు ఏ బోటు ఎక్కాలో చెప్పింది.